పాతబడిన రథము



కఠోపనిషత్తు తృతీయవల్లిలో శరీరము రథమనియు, జీవుడు రథికుడనియు, బుద్ధి సారథి యనియు, మనస్సు పగ్గమనియు, ఇంద్రియములు గుఱ్ఱములనియు చెప్పబడినది. ఆ మంత్రములను మేము బాల్యమున పాఠశాలలో వల్లించినాము. ఏబది సంవత్సరములుగా శిష్యులకు చెప్పుచున్నాము. వాటి అర్థము మాకెంతవరకు పట్టినదో ఈ వైశాఖమాసములో ఒక మోటారు బండి పరీక్షించినది. దేవాలయములో మోటారు ప్రసంగమేమిటని తలంపవలదు. రథము మాట ఉపనిషత్తే ఎత్తినది గదా!

మా బండి 1988 నాటి అంబాసిడరు. ఆ బండ్ల తయారీ ఉత్తరపారా కర్మాగారములో 2014లోనే ఆగిపోయినది. మా బండికిని మావలెనే వార్ధక్యము వచ్చినది. వానలో వైపరు సగము దూరము పోయి నిలుచును. స్టీరింగు పూర్తిగా త్రిప్పినచో హారను తనంతట తానే మ్రోగును; అది మా రాకకు శంఖనాదమని శిష్యులు పరిహాసమాడుదురు. వెనుక తలుపు లోపలినుండి తెరచుకొనదు. వీటన్నిటికి మేము అలవాటు పడినాము. అలవాటు పడుటకు రూపాయి ఖర్చులేదు, బాగుచేయించుటకే ఉన్నది.

ఎర్తు తీగ సంగతి మాత్రము డ్రైవరు నెలరోజులుగా హెచ్చరించుచున్నాడు. బ్యాటరీలోని విద్యుత్తు తీగలలో బయలుదేరి, తన పని ముగించుకొని, బండి ఇనుప శరీరము గుండా మరల బ్యాటరీని చేరవలెను. ఆ తిరుగుదారిని కలిపెడి లావుపాటి తీగయే ఎర్తు. దాని మొదట చిలుము పట్టినచో బ్యాటరీలో ఎంత శక్తి యున్నను అక్కరకు రాదు. "మార్చేద్దామండి అయ్యగారూ" అని అతడు అడిగినప్పుడెల్ల "చూతములే నాయనా" అన్నాము.

ఒకనాడు కోనసీమలో మా శిష్యుని తండ్రిగారి ఆబ్దికము. మేము భోక్తగా నిమంత్రితులము. పగటిని ఐదు భాగములు చేయగా నాల్గవదైన అపరాహ్ణమున జరుగవలసిన కర్మ అది. ఇంటివారందరు ఉపవాసముతో ఎదురుచూతురు. రాజమహేంద్రవరమునుండి బయలుదేరి, రావులపాలెము దాటి, కొత్తపేట చేరకమునుపే బండి ఆగినది. ఎండకు పంపు వేడెక్కి అందులోని పెట్రోలు ఆవిరి యైనదట. పంపుమీద తడిగుడ్డ కప్పి, చల్లారిన పిదప స్టార్టరు త్రిప్పగా "టక్" మని ఒక చప్పుడు మాత్రము వచ్చినది.

మాకు ఓర్పు నశించినది. "ఇన్నేండ్లు స్టీరింగు పట్టితివి, బండి చూచుకొనుట తెలియదా? నీ మూలమున పితృకార్యము చెడుచున్నది" అని నడిరోడ్డుమీద కేకలు వేసినాము. అతడు మారుపలుకలేదు. నెలరోజులుగా చెప్పుచునే యున్నానని ఒక్క మాట అన్నచో మా నోరు మూతపడెడిది. ఆ మాట అనలేదు. కాలువగట్టున దొరికిన కొబ్బరి పీచుతో తీగ మొదలు తోమి, చాకుతో గీకి, బిగించుచున్నాడు.

మేము చెట్టు నీడన నిలబడి చూచుచుండగా శల్యపర్వములోని ఘట్టము స్మృతికి వచ్చినది. యుద్ధము ముగిసిన పిదప కృష్ణపరమాత్మ అర్జునుని గాండీవముతో ముందు దిగుమన్నాడు. తరువాత తాను దిగినాడు. వెంటనే రథము భస్మమైనది. ద్రోణ కర్ణుల అస్త్రములకు అది ఏనాడో దగ్ధమైనదనియు, తాను కూర్చుండుటచేతనే నిలిచినదనియు స్వామి చెప్పినాడు. అంతవరకు అర్జునునకే తెలియలేదు! మా బండి యింతకాలము ఎవరివలన నడచినదో మాకు మాత్రము ఏమి తెలిసినది?

బండి కదిలిన పిమ్మట "నాయనా, తప్పు మాది" అన్నాము. "దానికేముందండి, ఎండ అలాంటిదండి" అన్నాడు.

ఒంటిగంట దాటిన కొద్దిసేపటికి చేరినాము. కాలము మించలేదు. కాని శ్రాద్ధదినమున కర్తకు, భోక్తకు కోపము నిషిద్ధము. ఈ నియమమును మేమే ఎన్ని ఇండ్లలో బోధించినామో! త్రోవలో జరిగినది ఎవరికిని తెలియదు. చెప్పకున్న అడుగువారు లేరు. కాళ్లు కడుగుటకు శిష్యుడు నీళ్లు తెచ్చినప్పుడు అంతయు చెప్పి, ఈ పూట మేము భోక్తగా కూర్చుండరాదన్నాము. అతని ముఖము చిన్నబోయినది. "మీరు లేకుండ ఎట్లా గురువుగారూ?" అన్నాడు. ఆ గ్రామములోని వృద్ధ ఘనపాఠి యొకరు అప్పటికి భోజనము చేయలేదు. వారిని ప్రార్థించి పిలిపించినాము. మేము ప్రక్కన కూర్చుండి, వారు భుజించుచున్నంతసేపు అభిశ్రవణము చెప్పినాము. అందులోను రెండుచోట్ల స్వరము తప్పి, మరల అందుకొనవలసి వచ్చినది.

తిరుగు ప్రయాణమున చీకటి పడినది. డ్రైవరు గోదావరి వంతెనకు ముందు బండి ఆపి, తీగ బిగువు ఒకసారి చూచి వచ్చి కూర్చున్నాడు. మరునాడు క్రొత్త తీగ వేయించినాము. వైపరు ఇంకను సగములోనే నిలుచుచున్నది. తొలకరిలోగా దానిని కూడ చూపవలెను.