టమోటా తోటలో పని, కడుపులో బిడ్డ మెదడు

ఈరోజు మాట మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు టమోటా తోటల్లో కూలికి పోయే ఆడవాళ్ల గురించి. ముఖ్యంగా నెల తప్పి, ఆ సంగతి ఇంకా తమకే తెలియని వాళ్ల గురించి.

మొదటి మూడు నెలలు కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచేయదు. మెదడు ఎదగడానికి కావలసిన ఆ హార్మోను తల్లి నుంచే రావాలి. ఆ తర్వాత కూడా ఐదో నెల దాకా చాలావరకు తల్లిదే. మెదడు కణాలు పుట్టి, తమ తమ చోట్లకు చేరేది ఎక్కువగా ఈ రోజుల్లోనే.

సరే, టమోటాకు మచ్చ తెగులు వస్తే మనవాళ్లు ఏం కొడతారు? మాంకోజెబ్. అంగట్లో ఎం-45 అంటే ఇస్తారే, ఆ పసుపు పొడి. అది విరిగి ఇథిలీన్ థయోయూరియా అవుతుంది. పేరు మర్చిపోయినా పర్లేదు, అది చేసే పని చూడండి. అయోడిన్‌తో థైరాయిడ్ హార్మోను తయారుచేసే ఎంజైముకే అడ్డం పడుతుంది. 2020 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ మాంకోజెబ్ అనుమతిని పొడిగించలేదు. హార్మోన్లను దెబ్బతీస్తుందన్నది అందుకు ఒక కారణం.

ఇక పురుగుమందులు. అమెరికాలో కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయ కూడా కూరగాయల సీమే. అక్కడ గర్భిణుల మూత్రంలో ఆర్గానోఫాస్ఫేట్ మందుల ఆనవాళ్లు కొలిచారు. బాగా ఎక్కువ ఉన్న తల్లుల పిల్లలకు, బాగా తక్కువ ఉన్నవాళ్ల పిల్లలకంటే, ఏడేళ్ల వయసులో ఐక్యూ సగటున 7 పాయింట్లు తక్కువని 2011లో తేల్చారు. ఇది సగటు మాట. ఏ ఒక్క బిడ్డను చూపించీ "మందు వల్లే ఇలా అయింది" అనలేం. కానీ మన దగ్గర తెగులు మందూ, పురుగు మందూ ఒకే ట్యాంకులో కలిపి కొడతారు కదా!

"అయితే పని మానేయాలా సార్?" అంటారు. మానితే ఆ రోజు కూలి ఎవరిస్తారు? అందుకే ఈ మాట రైతులకే ముందు చెప్పాలి. అన్నా, మందు కొట్టిన రోజూ, మరుసటి రోజూ ఆడకూలీలను ఆ తోటలోకి దించొద్దు. కడుపుతో ఉందని తెలిస్తే మందు కలిపే పని అసలే చెప్పొద్దు. అమ్మా, మీరు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, ఇంటికొచ్చాక ఆ బట్టలు విడిగా ఉతకండి. అయోడిన్ ఉప్పు మానొద్దు.

ఇంకోటి. కాయ మీద మిగిలిన మాంకోజెబ్ వేడి తగిలితే ఆ ఇథిలీన్ థయోయూరియాగా మారుతుంది. కాబట్టి పప్పులో వేసేముందే టమోటాలు బాగా రుద్ది కడగాలి. నెల తప్పిందని తెలిసిన వారమే ఆశా అక్కతో ఆసుపత్రికి వెళ్లి, రక్తపరీక్షల్లో టీఎస్‌హెచ్ కూడా రాయమని అడగండి.