మళ్లీ చదివిన నవల



ఎవరి పేరున ఈ ఉపన్యాసం ఏటా జరుగుతోందో, ఆ మాస్టారి దగ్గరే నేను హైస్కూల్లో తెలుగు చదువుకున్నాను. ఇంట్లో ఉన్న నవలలు పిల్లలకిచ్చి చదివించేవారు. తిరిగి తెచ్చినప్పుడు "ఎలా ఉందిరా?" అని అడిగేవారు కారు. "ఎన్నోసారి?" అనేవారు. ఒక్కసారే చదివామంటే పుస్తకం పుచ్చుకోకుండా మళ్లీ మన చేతిలోనే పెట్టేవారు. ఆ వయసులో అదొక శిక్షలా ఉండేది. కథ తెలిసిపోయాక ఇంకా చదవడానికేముంటుంది? ఉద్యోగం చేసి, పిల్లల పెళ్లిళ్లు చేసి, రిటైరై, తీరిగ్గా పాత నవలలు మళ్లీ పట్టుకున్నాక ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

ఆ జవాబు ముందే చెప్పేస్తాను. వయసులో ఉండగా నవల్లో మనం ఒకరి పక్షాన ఉంటాం. ఆ ఒక్కరికి మేలు జరగాలని, అడ్డొచ్చినవాళ్లు పోవాలని కోరుకుంటూ పేజీలు తిప్పుతాం. పెద్దయ్యాక అదే నవల తెరిస్తే, అడ్డొచ్చినవాళ్లకూ ఒక గోడు ఉందని తెలుస్తుంది. మళ్లీ చదవడంలోని ఆనందం ప్రధానంగా ఇదేనని నా నమ్మకం.

తెలిసిన కథ

తెలిసిన కథను మళ్లీ మళ్లీ వినడం మనకు కొత్తేమీ కాదు. రామాయణ పారాయణం చేసేవారెవరూ రావణుడు చస్తాడా, బతుకుతాడా అని ఆత్రపడరు. హరికథకు వెళ్లేవాళ్లు సీతమ్మ దొరుకుతుందో లేదో తెలుసుకోవడానికి వెళ్లరు. ఈ దాసుగారు అశోకవనం ఘట్టం ఎలా నడుపుతారో చూద్దామని వెళతారు. తిరుపతి వేంకట కవుల పడకసీను, రాయబారం ఏ అర్ధరాత్రికో మొదలైనా, పద్యాలన్నీ కంఠతా వచ్చినవాళ్లే ముందు వరసలో కూర్చుని ‘వన్స్ మోర్’ కొట్టేవారు. ఏం జరుగుతుందన్నది వాళ్లకు ఏనాడో తీరిపోయిన సంగతి. ఎలా జరుగుతుందన్నదే వాళ్ల ఆసక్తి.

నవల వచ్చాక ఈ అలవాటు సడలింది. వీరేశలింగం పంతులుగారు 1878లో ‘రాజశేఖర చరిత్రము’ను తమ ‘వివేకవర్ధని’ పత్రికలో భాగాలుగా అచ్చువేశారు. అంటే మనదగ్గర నవల తొలిరోజుల్లోనే సీరియల్‌గా వచ్చింది. తరవాత వారపత్రికల కాలం. వారం చివర ‘సశేషం’ అని చూసి, మళ్లీ సంచిక వచ్చేదాకా కాలు నిలవని తరం మాది. ఇంటికి వచ్చే పత్రిక ఒకటే, చదివేవాళ్లు అయిదారుగురు. ముందు ఎవరు చదవాలన్న దానిమీద ఇంట్లో పెద్ద రగడ. అలాంటి చదువులో నిదానానికి చోటెక్కడ?

కానీ ఆ తరమే ఇంకో పని కూడా చేసింది. సీరియల్ పేజీలు పిన్నులు ఊడదీసి, వరసగా పేర్చి బైండు చేయించి దాచుకుంది. మా అమ్మ చేయించిన అలాంటి బైండు ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. అంచులు సమం చేయడానికి బైండరు కోసిన కోతకు బొమ్మలో నాయిక జడ సగం పోయింది. ఒక పేజీ వెనక తలనొప్పి మాత్రల ప్రకటన, ఇంకో పేజీ వెనక గోంగూర పచ్చడి చేసే విధానం, అదీ సగమే. మధ్యలో ఒక వారం సంచిక దొరకలేదు. అక్కడ మా అమ్మ తెల్లకాగితం పెట్టించి, జరిగిన కథ నాలుగు ముక్కల్లో తన చేత్తో రాసింది. అయిపోయిన కథకు ఇంత సేవ ఎందుకు? ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ చదువుతామన్న నమ్మకం ఉండబట్టే కదా.

ఇందిర ఇల్లు

ఇప్పుడు ఒక నవల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ 1957లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. కథ నడిచేది విశాఖపట్నంలో. ఉద్యోగం చేసుకునే ఇందిర, ఆమె తండ్రి ఆనందరావు, మెడికల్ విద్యార్థి ప్రకాశం, అతని స్నేహితుడు కృష్ణమూర్తి, చదువుకోవడానికి వచ్చిన కల్యాణి. వీళ్ల మధ్య జరిగేదే కథ.

చదువుకునే రోజుల్లో ఈ నవల చదివినవాళ్లకు సాధారణంగా కల్యాణి నచ్చుతుంది. నెమ్మదస్తురాలు, అభిమానం గల పిల్ల, కష్టం వచ్చినా తల వంచదు. ప్రకాశం మీద ఒళ్లు మండుతుంది. ధైర్యం చేయాల్సిన చోట చేయడు. పెద్దవాళ్లు కళ్లెర్రజేస్తే చాలు, ఇచ్చిన మాట గాలికి వదిలేస్తాడు. ఇక ఇందిరంటే భయం, ఆకర్షణ రెండూనూ. అలా మాట్లాడే ఆడపిల్లను కుర్రకారు నిజజీవితంలో చూసి ఉండరు. ఆనందరావైతే మనకసలు కనిపించడు. కథకు అవసరమైనప్పుడు వచ్చి దగ్గి వెళ్లే ముసలాయన, అంతే.

అరవై దాటి చదివితే లెక్కలన్నీ తారుమారయ్యాయి. మొదట కనిపించింది ఆనందరావే. కూతురి సంపాదన మీద బతికే తండ్రి. కూతురికి పెళ్లయితే తన గతేమిటన్న బెంగ, ఆ బెంగ పైకి చెప్పుకోలేని మొహమాటం, చెప్పుకోలేక చూపించే చిరాకు. నా ఈడువాళ్లకు ఈ మూడూ కొత్తగా వివరించక్కర్లేదు. ఆయన మంచివాడేమీ కాదు. ఆ మాటకొస్తే రచయిత్రి ఆయన్ని ఎక్కడా వెనకేసుకురాలేదు. అయినా ఆ మనిషి ఎదుట కూర్చున్నట్టే ఉంటుంది.

ఆయన కనిపించాక ఇందిర కూడా వేరేగా కనిపిస్తుంది. ఆ దూకుడు, ఆ వెటకారం, ఎవర్నీ లెక్కచేయని ఆ తత్వం, వీటన్నిటి కింద ఇంటద్దె, కిరాణా పద్దు ఉన్నాయి. నెల మొదట్లో జీతం రాగానే ఎవరికెంత ఇవ్వాలో లెక్కవేసుకునే మనిషికి, నాజూకుగా బాధపడే తీరిక ఉండదు. కల్యాణి దిగులుపడగలదు. ఇందిరకు దిగులు కూడా ఖర్చే. ఇది నాకు ఇరవైలో తెలియకపోవడంలో వింతేమీ లేదు. అప్పటికి నేను ఒక్క నెల అద్దె కూడా నా చేత్తో కట్టలేదు.

ప్రకాశం విషయంలో ఇంకో తమాషా. వాడి మీద కోపం ఇప్పటికీ పోలేదుగానీ, వాణ్ణి అదిలించే పెద్దవాళ్ల గొంతు బాగా తెలిసిన గొంతులా వినిపించింది. "నీ మంచికేరా చెబుతున్నాం" అనే ఆ గొంతు మనమంతా మన ఇళ్లలో వాడినదే.

శ్రీదేవిగారు 1929లో పుట్టి 1961లో పోయారు. ముప్పై రెండేళ్లు నిండకుండానే వెళ్లిపోయారు. ఆవిడ రాసిన నవల ఇదొక్కటే. మొదటిసారి చదివినప్పుడు ఈ నవల రాసినావిడ నాకు అక్క వయసు మనిషి. ఇప్పుడు కూతురి వయసు. అక్క చెబుతుంటే నమ్మి విన్నాను. ఇప్పుడేమో ఇంత చిన్నదానివి, ముసలాయన మనసు నీకెలా తెలిసిందమ్మా అని విస్తుపోతూ వింటున్నాను. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు, మేమిద్దరం కూర్చున్న చోట్లు మాత్రం అటు ఇటయ్యాయి.

సుబ్బయ్య, రామయ్య తాత

రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య గుమస్తా. పిరికివాడు. కంట్రాక్టరు గవరయ్య పేరు తలుచుకుంటేనే వణికిపోతాడు. కాలేజీలో ఉన్నప్పుడు ఈ నవల చదివితే సుబ్బయ్య జబ్బపట్టుకుని కుదిపేయాలనిపిస్తుంది. ఒక ఆఫీసులో పాతికేళ్లు పనిచేశాక చదివితే ఆ ఊపు రాదు. పైవాడు పిలిచాడని బంట్రోతు వచ్చి చెప్పగానే కడుపులో తిప్పడం, ఏ ఫైలు గురించోనని తలుపుదాకా నడిచేలోగా పది తప్పులు గుర్తు చేసుకోవడం ఎరిగినవాళ్లకు సుబ్బయ్య పక్క సీటు మనిషి. రావిశాస్త్రిగారు విశాఖపట్నంలో వకీలు. భయపడే మనుషుల్ని దగ్గరగా చూసినవారు. ఆ భయం లోపల ఎలా నడుస్తుందో వాక్యం విరుపులోనే పట్టుకున్నారు. కథ కోసం పరుగెత్తే మొదటి చదువులో ఆ విరుపులు కాళ్లకు అడ్డం పడతాయి. రెండో చదువులో వాటి దగ్గరే ఆగిపోతాం.

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావుది మరో దారి. వంశం పేరు నిలబెట్టాలన్న తపనలో ఉన్నది హరించుకుపోయి, తన ఆలోచనల్లో తానే చిక్కుకుని నశించిపోతాడు. కుర్రతనంలో ఆ వాదనలు మనల్ని ఊపేస్తాయి. ప్రతి విషయాన్నీ ప్రశ్నించే ఆ మనిషి మనకు ప్రతినిధిలా ఉంటాడు. వయసు మళ్లాక రామయ్య తాత ముందుకొస్తాడు. ఇన్నాళ్లూ నీతులు చెప్పే ముసలాయన అనుకుని దాటేసిన మనిషి మాటల్లో ఎంత జాగ్రత్త ఉందో, అవతలివాడు వినడని తెలిసీ చెప్పడంలో ఎంత ఓర్పు ఉందో అప్పుడు తెలుస్తుంది. ఇంకొకరు కూడా ముందుకొస్తారు. సీతారామారావు భార్య. ఆయన తర్కాలన్నిటికీ మూల్యం చెల్లించింది ఆవిడే.

మొగల్తూరులో మిగిలినవాళ్లు

మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రవాడు బారిస్టరీ చదువుదామని బయల్దేరి, మద్రాసులో టోపీ కొనబోయి ఆడవాళ్ల టోపీ కొనుక్కుని, అది పెట్టుకుని ఠీవిగా నడిచిన వైనం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. ఇది ఎన్నిసార్లు చదివినా హాస్యం పాతబడని పుస్తకం. టోపీ సంగతి ముందే తెలిసి ఉంటే నవ్వు రెట్టింపవుతుంది. పార్వతీశం కొట్లో అడుగుపెట్టిన క్షణం నుంచే మనకు నవ్వు మొదలవుతుంది.

అయితే డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పిల్లలున్న ఇళ్లు మన దగ్గర ఇప్పుడు వీధికి నాలుగున్నాయి. విమానాశ్రయంలో సూట్‌కేసు తూకం వేయించి, ఊరగాయ జాడీ తీసేయమంటే తీసి చేత్తో పట్టుకుని వెనక్కొచ్చిన తల్లిదండ్రులు ఈ నవల మళ్లీ చదివితే, వాళ్ల కళ్లు పార్వతీశంతో పాటు ఓడెక్కవు. మొగల్తూరులో ఉండిపోతాయి. ఇంట్లో ఏమనుకున్నారు? ఉత్తరం ఎన్నాళ్లకు అందింది? డబ్బు ఎలా సర్దారు? నవల ఈ ప్రశ్నలమీద ఎక్కువసేపు నిలవదు. మళ్లీ చదివేవాడు అక్కడ తనంతట తాను నిలుస్తాడు. రచయిత కూడా తన కుర్రవాణ్ణి అలాగే వదిలేయలేదు. దశాబ్దాలు గడిచాక మళ్లీ అతని దగ్గరికి వచ్చి, తక్కిన రెండు భాగాలూ రాశారు.

నిదానం, నిరాశ

విశ్వనాథ ‘వేయిపడగలు’ 1934 ప్రాంతంలో బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతి పంచుకున్న నవల. పరీక్ష కోసం చదివినవాళ్లు ధర్మారావు చర్చలు దాటేసి, కథ ఎక్కడుందా అని వెతుక్కుంటారు. తీరిక చిక్కాక చదివితే ఆ చర్చలతో పోట్లాడవచ్చు. ధర్మారావు అభిప్రాయాల్లో సగానికి నేను ఒప్పుకోను. ఒప్పుకోని మనిషితో అంతసేపు ఒకే అరుగు మీద కూర్చోగలగడం వయసు ఇచ్చిన ఓపిక. ఒక ఊరి బతుకు కళ్లముందే చెదిరిపోతుంటే ఒకడు పడే వేదనను, అతని వాదనతో నిమిత్తం లేకుండా అర్థం చేసుకోవచ్చు.

చలం ‘మైదానం’ది మరో కథ. 1927 నాటి ఆ పుస్తకాన్ని మా రోజుల్లో దిండు కింద దాచుకుని చదివాం. రాజేశ్వరి గడప దాటడమే మాకు పెద్ద వార్త. ఇప్పుడు గడప దాటడం దగ్గర ఆగను. దాటి వెళ్లిన చోట కూడా తన ఒంటిమీద, తన కడుపుమీద నిర్ణయం పూర్తిగా ఆమెది కాకపోవడం దగ్గర ఆగుతాను. మాకు ప్రేమికుడిగా మాత్రమే కనిపించిన అమీర్ అక్కడ మరో మగవాడిగా కనిపిస్తాడు.

మళ్లీ చదివితే నిలవని నవలలూ ఉన్నాయి. పేర్లు చెప్పి ఎవరి జ్ఞాపకాలనూ పాడుచేయను. నాయకుడి పొగరు చూసి మురిసిపోయిన పుస్తకాలు, చెంపదెబ్బ కొడితే ప్రేమ పుడుతుందని చెప్పిన పుస్తకాలు ఇప్పుడు పది పేజీలు సాగవు. అవి చదివి ఆనందించిన కాలాన్ని నేను కాదనను. పుస్తకం పడిపోతే మనం ఎంతదూరం నడిచొచ్చామో తెలుస్తుంది. అదీ ఒక లాభమే.

రెండు విన్నపాలు

మొదటిది గ్రంథాలయం వారికి. కొత్త పుస్తకాలు కొనడానికి గ్రాంటు అడగడం మనకు అలవాటు. మళ్లీ చదివేవాడికి కావలసింది పాత పుస్తకం, అదీ కంటికి ఆనే అచ్చులో. శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కూడా పాత ప్రతుల్లో వత్తు ఏదో, సున్నా ఏదో తెలియక పుస్తకం మూసేస్తున్నారు. ఈ ఉపన్యాసానికి పెట్టిన నిధి వడ్డీలోంచి ఏటా ఒక్క నవలను పెద్ద అక్షరాల్లో, హక్కుదారుల అనుమతితో, మన సభ్యుల కోసం వేయించగలిగితే చాలు. ఎవరూ తీసుకెళ్లడం లేదన్న కారణంతో పాత నవలలు కట్టలు కట్టి అటకెక్కించే ముందు, తీసుకెళ్లేవాళ్లు ఎందుకు రావడం లేదో ఒకసారి అడిగి చూడండి.

రెండోది మీ అందరికీ. మళ్లీ చదివేవాడికి తెలియని రహస్యం ఒకటి మొదటిసారి చదివేవాడి దగ్గర ఉంటుంది. వాడికి కోపం వస్తుంది. ప్రకాశం మీద మండిపడతాడు, సుబ్బయ్యను చీవాట్లు పెడతాడు, రాజేశ్వరి వెళ్లిపోతే చప్పట్లు కొడతాడు. ఆ వేడి లేకపోతే నవల చల్లారిన కాఫీ. అందరి గోడూ వినే మా ఓపిక, ఒక్కరి పక్షాన నిలబడే వాళ్ల తెగువ రెండూ ఒకచోట ఉంటేనే నవలకు న్యాయం. అందుచేత నెలకో ఆదివారం సాయంత్రం, ఇదే హాల్లో, ఒకే నవల చదివి వచ్చిన ఇరవై ఏళ్లవాళ్లను, డెబ్భై ఏళ్లవాళ్లను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టండి. మొదటి నెలకు ‘కాలాతీత వ్యక్తులు’ పెడదాం. ఆనందరావు తరఫున మాట్లాడడానికి నేను వస్తాను. ఇందిర తరఫున, కల్యాణి తరఫున వాదించడానికి మీ మనవరాళ్లను పంపించండి. ప్రకాశం తరఫున ఎవరొస్తారో మీరే తేల్చుకోండి.