బూడిద దిబ్బ లేనిచోట కాపరి లేడా?

(శావల్యాపురంలో చేసిన స్మారకోపన్యాసం)

ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారి పాండిత్యం గురించి నాకు ముందు మాట్లాడినవారు చెప్పారు. నాకు ఎక్కువ గుర్తున్నది వాళ్ల దొడ్లోని ఒంగోలు ఆవు. అశోకుడి పాఠం మధ్యలో దాని ఈత సంగతి వచ్చేది. గొడ్డూ గోదా చరిత్రకు బయటివని ఆయన ఎన్నడూ అనుకోలేదు. నేనూ అనుకోను. ఇక విషయానికి వస్తాను.

దక్కనులో నవీన శిలాయుగం నాటి బూడిద దిబ్బల కథ చాలామందికి తెలిసిందే. అవి రాక్షసుల చితాభస్మమని జనం చెప్పుకున్నారు. హంపీ దగ్గర నింబాపురం దిబ్బనైతే వాలిని దహనం చేసిన చోటన్నారు. కాదు, పశువుల దొడ్లలో కాలిన పేడ అన్నాడు భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఆ మాట తేల్చినవాడు పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్. 1957లో ఆయన ఉట్నూరులో తవ్వాడు. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోది. కంచె దుంగలు పాతిన గుంతలు బయటపడ్డాయి. బూడిద పొరల్లో పశువుల గిట్టల ముద్రలు చెక్కుచెదరకుండా కనిపించాయి. 1963లో ఆయన పుస్తకం వచ్చింది. మన అనంతపురం జిల్లాలో పాలవాయి కూడా ఆ కోవలోనిదే. ఇంతవరకు పేచీ లేదు.

నా పేచీ ఆ తర్వాత జరిగినదానితో. బూడిద దిబ్బ ఉంటే కాపరి ఉన్నాడన్నారు, బాగుంది. లేకపోతే కాపరి లేడన్నట్టు పటాలు గీశారు. బళ్లారి, రాయచూరు, అనంతపురం, కర్నూలు నిండా చుక్కలు. ఇక్కడి గుండ్లకమ్మ ఏటి నుంచి సముద్రం దాకా తెల్లకాగితం. ఇక్కడ వానలు తక్కువ, మెట్ట ఎక్కువ, ఒంగోలు జాతికి పుట్టినిల్లు. అలాంటి నేల మీద మందలు మేపిన తొలి మనుషులు లేరంటే ఎలా ఒప్పుకోవాలి?

ఆధారాలు చూద్దాం. బ్రహ్మగిరిని 1947లో వీలర్ తవ్వాడు. నవీన శిలాయుగపు ఊరు, పశువుల ఎముకలు ఉన్నాయి. బూడిద దిబ్బ లేదు. తుంగభద్ర ఒడ్డున హళ్లూరుదీ అదే తీరు. అక్కడ కాపరులు లేరని ఎవరూ అనలేదు. మరి తూర్పున ఎందుకంటున్నారు? బుదిహాళ్ తవ్వకాల్లో పద్దయ్యగారు దిబ్బ పక్కనే ఇళ్లను, రాతి పనిముట్లు చేసిన చోటును, పశువులను కోసిన నేలను చూపించారు. సంగనకల్లు పరిశోధనల్లో ఫుల్లర్, కొరిసెట్టర్ బృందం ఉలవలు, అండుకొర్రల వంటి గింజలను గుర్తించింది. అంటే దిబ్బ కట్టినవాళ్లు ఊళ్లు లేని దిమ్మరులు కారు, సేద్యమూ తెలిసినవాళ్లు. పేడను ఒకచోట పోగుచేసి కాల్చడం వాళ్ల అలవాట్లలో ఒకటి. దాన్ని వృత్తికే నిర్వచనం చేసి కూర్చోవడం మన తప్పు.

పేడ పోగుపడని దారి ఏదో ఈ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. పంట తీసిన చేలో గొర్రెల మంద కడతారు. రాత్రంతా పెంట, మూత్రం నేలకు చేరతాయి. రైతు కాపరికి గింజలో డబ్బులో ఇస్తాడు. మర్నాడు మంద పక్క చేలోకి జరుగుతుంది. ఒక దుక్కి దున్నితే కంటికి కనిపించే గుర్తు మిగలదు. నాలుగు వేల ఏళ్ల తర్వాత దిబ్బ కోసం వెతికేవాడికి అక్కడేం దొరుకుతుంది?

దీనికి ఎదురుమాట ఉంది. ఈనాటి మందను చూపి ఆనాటి మందను రుజువు చేయలేమంటారు. నిజమే. తర్వాతి కాలపు కథలూ రుజువు కావు. కాపరుల నాయకుడు కాటమరాజుకూ నెల్లూరు రాజు మనుమసిద్ధికీ 13వ శతాబ్దిలో పోరు వచ్చింది పుల్లరి మీద, అంటే మేత పన్ను మీద. 1922లో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు ప్రాణాలొడ్డిందీ పుల్లరి మీదే. పన్ను పడ్డప్పుడే కాపరి రాతకెక్కాడని ఇవి చెబుతాయి. నవీన శిలాయుగం గురించి ఇవేమీ చెప్పవు, నేనూ చెప్పించను. కానీ నాగార్జునకొండలో 1954-60 మధ్య జరిగిన తవ్వకాల్లో నవీన శిలాయుగపు నివాస గుంతలు, సమాధులు బయటపడ్డాయి. ఆ లోయ మన పల్నాటిదే. ఇప్పుడు నాగార్జున సాగర్ నీళ్ల కింద ఉంది. మిగిలిన నేలనైనా చూడాలి కదా.

ఇప్పుడు నేను చేస్తున్న పని అదే. పశువుల పేగుల్లో కంటికి ఆనని సున్నపు గుళికలు తయారై పేడతో బయటికొస్తాయి. ఆమ్ల నేలల్లో అవి కరిగిపోతాయి, సున్నం ఉన్న నేలల్లో నిలుస్తాయి. పల్నాడు నాపరాయి నేల కాబట్టి నాకు ఆశ. మంద ఆగిన మట్టిలో ఫాస్ఫేటు కూడా ఎక్కువుంటుంది. ముందు ఈనాటి మందలు ఆగిన చేల మట్టిని, ఎన్నడూ ఆగని చేల మట్టిని పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ తేడా పట్టుబడ్డాకే గుండ్లకమ్మ గట్ల పాత పొరల్లోకి దిగాలి. ఎవరు ఎక్కడ మంద కట్టారో కాపరులకే తెలుసు. ఏ దఫ్తరంలోనూ లేదు.

కాబట్టి ఒక మనవి. మీ తాతలు మంద కట్టిన చేలేవో, గొడ్లను ఏ దారిన తోలారో పెద్దవాళ్లనడిగి రాసిపెట్టండి. దుక్కిలో నున్నగా నూరిన రాతి గొడ్డలి దొరికితే చెట్టు కింద దేవుడి దగ్గర పెట్టేముందు ఏ చేలో, ఎంత లోతున దొరికిందో నాకు చెప్పండి. రాయి మీ దగ్గరే ఉంచుకోండి, చోటు చెబితే చాలు.