మూలమట్టం కొనేముందు

నేను నాంపల్లి స్టేషనులో దిగి, ఆబిడ్స్ దాకా నడిచి మా వడ్రంగి కోసం కాంబినేషన్ స్క్వేర్ కొన్నాను. అంటే పలుపనుల మూలమట్టం. అడుగు ఉక్కు స్కేలు మీద తల జరుగుతుంది. ఒకవైపు 90 డిగ్రీలు, మరోవైపు 45. బెజ్జం లోతూ కొలుస్తుంది. 1879లో అమెరికాలో స్టారెట్ గారు పేటెంటు పొందిన పనిముట్టు.

నేను తెచ్చినది తప్పుడుది! దానితో గీసి నొగలు బిగించిన గుంటక ఒక పక్కకే లాగింది. కాడి ఒరుసుకొని ఎద్దు మెడ పుండయింది.

కనుక అంగట్లోనే చూడండి. అంచు తిన్నగా ఉన్న పలక మీద అడ్డగీత గీసి, పనిముట్టును బోర్లించి, అదే చుక్క నుండి మళ్ళీ గీయండి. రెండూ కలిస్తే సరే. విడిపోతే ఆ ఎడంలో సగం తప్పు. అమ్మేవాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. రెండోసారి నేనట్లాగే చూశాను, మూడోది సరిపోయింది.