ప్రసార మండలిలో ఒక విలేకరి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం ముగిసిన పిమ్మట ఒక ఫ్రెంచి వనితను గూర్చి ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చు. మన యానాం 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నదే కదా! పైగా ఆమె పుట్టిన గ్వాదెలూప్ ద్వీపానికి మన దేశపు కూలీలను 1854లో ఆరేలీ అనే ఓడ మొట్టమొదట చేర్చింది. ఆమె మన జాతి స్త్రీ అని నేననను. వలస కష్టం ఎరిగిన నేల అంటున్నాను, అంతే.

క్రిస్టీన్ కెల్లీ 1969లో జన్మించారు. 2000 నుండి ఎల్.సి.ఐ. అనే టెలివిజన్ వార్తా ఛానెలులో వార్తలు చదివారు. నల్లజాతి స్త్రీ ఆ తెరపై కనబడటం ఆనాడు అరుదు. 2009లో ఆమెను రేడియో, టెలివిజన్ ప్రసారాలను పర్యవేక్షించే ఉన్నత మండలిలో సభ్యురాలిగా నియమించారు. 1989లో ఏర్పడిన ఆ మండలిలో అప్పటికి తొమ్మిదిమంది సభ్యులు. దేశాధ్యక్షుడు ముగ్గురిని, రెండు చట్టసభల అధ్యక్షులు ముగ్గురేసి చొప్పున ఎంపిక చేసేవారు. పదవి ఆరేండ్లు; మరల ఇవ్వరు. ఈ కడపటి నియమం నాకు మిక్కిలి నచ్చింది. మళ్ళీ పదవి రాదని తెలిసినవారికి పెద్దల మెప్పుతో పనేమి? ఆమె ఉన్న కాలంలోనే, 2011లో, వ్యాపార ప్రకటనల మోత కార్యక్రమాన్ని మించి ఉండరాదని మండలి కట్టడి చేసింది. బిడ్డను నిద్రపుచ్చి వార్తలు పెట్టుకునే తల్లిని అడగండి, దాని విలువ చెబుతుంది.

2015లో పదవీకాలం తీరింది. 2019లో ఆమె సి న్యూస్ అనే ఛానెలులో చర్చా కార్యక్రమం నడపసాగారు. అసలు కథ ఇక్కడ ఉన్నది. 2020 సెప్టెంబరు 29న ఆ చర్చలో ఎరిక్ జెమ్మూర్ అనే వ్యాఖ్యాత, తల్లిదండ్రుల తోడు లేక పరదేశాల నుండి వచ్చిన పిల్లలను దొంగలన్నాడు, హంతకులన్నాడు. 2021 మార్చిలో ఛానెలుకు 2 లక్షల యూరోల జరిమానా పడింది. విధించినదెవరు? ఆమె ఆరేండ్లు కూర్చున్న ఆ మండలే!

జరిమానా ఛానెలుకే గాని ఆమెకు కాదు. వాక్స్వాతంత్ర్యం అనేవారూ ఉన్నారు; అది తేలికగా తీసివేయదగిన మాట కాదు. కాని, పరాయి బడిలో యాస భిన్నమైనందుకు మాటలుపడే మన పిల్లలను తలచుకుంటే, ఆ జరిమానా న్యాయమనే నాకు తోచింది. నియమాలన్నీ ఎరిగిన మనిషి అదే బల్ల దగ్గర ఉండగా అలా జరగటమే విచారకరం.

ఆ మండలి 2022లో మరొక సంస్థతో కలిసి ఆర్కామ్ అయింది. మన దేశంలో అట్టి ప్రత్యేక మండలి లేదు. 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టమున్నది. 2021 నిబంధనల ప్రకారం ఫిర్యాదు ముందు ఛానెలుకే పంపాలి. వారు 15 రోజులలో తేల్చాలి.