పేరు ఆమెది, పద్దు ఎవరిది?

(చోడవరంలో స్త్రీల హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల సభలో పన్నుల గొడవేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలుతూ వచ్చిన ఈ ప్రాంతంలో పొలంలో పనిచేసేదెవరో, చీటీ మీద పేరెవరిదో మీకు నేను చెప్పనక్కరలేదు. లెక్కల పనిలో ఇదే కథ తలకిందులుగా కనిపించింది నాకు.

ఈ ఊళ్ళో ఒక ఆడిటరు గారి ఆఫీసుకు వెళ్ళాను. కంప్యూటర్ల ముందు ముగ్గురు అమ్మాయిలున్నారు. బి.కాం. చదివి ట్యాలీ నేర్చుకున్నవాళ్ళు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక మారుతున్న ప్రతి నిబంధననూ పని చేస్తూనే నేర్చుకుంటున్నారు. 2025 సెప్టెంబరు 22న చాలా సరుకులకు 12, 28 శాతం శ్లాబులు పోయినప్పుడు షాపుల సరుకుల పట్టికలన్నీ తిరిగి సరిచేసింది వీళ్ళే. నియామక పత్రం ఒక్కరికీ లేదు. నోటీసు వస్తే మాత్రం "ఆ పిల్ల తప్పు కొట్టింది" అంటారు.

నేనక్కడుండగానే ఒకావిడ నోటీసు పట్టుకుని వచ్చింది. సరుకు రాకుండానే బిల్లులు చూపించి ఇన్‌పుట్ క్రెడిట్ వాడుకున్నారని ఆరోపణ. షాపు నడిపింది భర్త, జీఎస్టీ నంబరు ఆవిడ పేరున ఉంది. షాపు మూతపడింది, ఆయన ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. "నాకేటి తెలుసమ్మా? సంతకం ఎట్టమన్నాడు, ఎట్టీసేను" అంది.

ఆ బిల్లులు ఎక్కించిన అమ్మాయి తలెత్తలేదు. లారీ నంబర్లు లేవని అప్పుడే చెప్పిందట. "ఇచ్చింది కొట్టు" అన్నారట.

చట్టం ఏమంటుందో చూడండి. జీఎస్టీ చట్టం 48వ సెక్షను ప్రకారం రిటర్ను ఎవరు దాఖలు చేసిపెట్టినా అందులోని వివరాలకు బాధ్యత రిజిస్టరైన వ్యక్తిదే. అంటే ఈవిడదే. నంబరు రద్దు చేసుకున్నా పాత బాకీ పోదు. 122వ సెక్షను కింద తప్పుకు తోడ్పడినవారికి రూ. 25,000 వరకు జరిమానా ఉంది. అది ఆ అమ్మాయి భయం. లాభం తీసుకున్న మనిషి పేరు రికార్డులో ఎక్కడా లేదు.

ఆస్తి స్త్రీల పేరున ఉండాలని పోరాడినవాళ్ళం మనం. పేరుతోపాటు అధికారం కూడా దానంతటదే వస్తుందని కొంత అమాయకంగానే నమ్మాం.

ఇలాంటి కేసు మీ సంస్థకు వస్తే ముందు ఆర్డరు అందిన తేదీ చూడండి. అప్పీలుకు మూడు నెలలే గడువు. తగిన కారణం చూపితే మరో నెల ఇవ్వవచ్చు. వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి. పుస్తెలు తాకట్టు పెట్టేది అప్పుడే. రెండోది, పోర్టల్లో ఎవరి ఫోను నంబరుందో అడగండి. నోటీసు అందించే పద్ధతుల్లో పోర్టల్లో పెట్టడం కూడా ఒకటి. ఓటీపీలు భర్త ఫోనుకు పోతుంటే ఆవిడకు తెలిసే దారి లేదు. లెక్కలు రాసే అమ్మాయిలకు నేను చెప్పేది, అనుమానం ఉన్న బిల్లు గురించి నోటితో చెప్పి ఊరుకోవద్దు, రాతలో పెట్టి కాపీ దాచుకోండి.

నేను వస్తుంటే ఆ అమ్మాయి గుమ్మం దాకా వచ్చింది. "మేడమ్, ఇలాంటి ఆడవాళ్ళకి నేనే ముందుగా ఫోన్ చేసి చెప్పొచ్చా?"

చట్టం దృష్టిలో వ్యాపారి ఆవిడే కనుక తెలుసుకునే హక్కు ఆవిడకుందన్నాను.

"హక్కుందండి. చెప్పాక నాకు ఉద్యోగం ఉంటుందా?"

మధ్యాహ్నం చర్చ ఆ ప్రశ్నతో మొదలుపెడదామని నా కోరిక. ఆ అమ్మాయి కూడా ఈ హాల్లోనే ఉంది.