మన మహాసభలును మన చరిత్రయు

(వార్షిక మహాసభ రెండవనాటి యుదయసమావేశమున నొసగిన యుపన్యాసపాఠము)



నేటి సభయందు మన కులచరిత్రమునుగూర్చి నాలుగు మాటలు పలుకుమని కార్యనిర్వాహకులు మమ్ము గోరిరి. మేము పండితులము కాము. మగ్గపుగుంటలో కాలుమోపి పెరిగినవారము. అయినను ఎన్నియో యేండ్లుగా మన సభలకు విచ్చేసిన యతిథుల యుపన్యాసములను శ్రద్ధతో వినుచు వచ్చినవారము. వానివలన మనకు గలిగిన లాభమెంత, కలుగవలసిన లాభమెంత యను విషయమును మీ సన్నిధిని విన్నవింపదలచితిమి. ఇందు కొన్ని మాటలు మనకే తగులును. తప్పయినచో క్షమింపుడు, ఒప్పయినచో నాచరింపుడు.

కొన్ని యేండ్ల క్రిందట మన సభయొకదానియందు జరిగిన సంగతిని మొదట మనవిచేయుదుము. ఆనాటి సాయంకాలమునకు కూనపులివారి పటముకథ యేర్పాటయి యుండెను. వృద్ధుడగు కథకుడొకడు తన కుమారుని వెంటబెట్టుకొని, పటపుచుట్టను భుజమున మోసికొని, చాలదూరమునుండి వచ్చెను. అతిథుల యుపన్యాసములు మూడుగంటలు సాగెను. మన జాతి ప్రాచీనమైనదనియు, మన చేతిపని లోకోత్తరమైనదనియు ప్రతివారును పొగడిరి. మేమును కరతాళధ్వనులు చేసితిమి. తుదకు కథకునికి మిగిలినది పావుగంట. అతడు పటమును మూరమూరగా విప్పుచు, మృకండుని తపస్సును, మార్కండేయుని జననమును, యముని పాశమును జెప్పి, యజ్ఞవాటికను జూపబోవు సమయమున, భోజనములకు వేళయైనదని మేమే యతని నాపితిమి. అతడు చేతులు జోడించి, “అయ్యలారా! యజ్ఞకుండమింకను వెలుగలేదు; భావనాఋషి పుట్టలేదు. మీ మూలపురుషుడు పుట్టకమునుపే పటము చుట్టుమందురా?” అని యడిగెను. సభలో నెవ్వరును బదులు పలుకలేదు. అతడు పటము చుట్టుకొని, మన మిచ్చిన శాలువను కన్నుల కద్దుకొని వెడలిపోయెను. ఆ ప్రశ్న మా చెవులలో నేటికిని మ్రోగుచున్నది.

ఆ వృద్ధుడెవ్వడు? మనము పిలిచి సన్మానించిన వినోదగాడా? కాదు. చరిత్రపరిశోధక సంఘములు పుట్టుటకు బూర్వము మన చరిత్రసంఘ మతడే. తెలంగాణమున నొక్కొక్క కులమునకు నొక్కొక్క యాశ్రితజాతి కలదు. గొల్లలకు మందహెచ్చులవారు, గౌడులకు గౌడజెట్టివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు ఎట్లో, మనకు కూనపులివా రట్లు. సాధనాశూరులును మన యాశ్రితులే. వీరికి గ్రామములపై వంశపారంపర్యమైన హక్కులు గలవు. ఒకరి యూర మరియొకరు కథ చెప్పరాదు. ఊరికి వచ్చినపుడు ఇంటింటను కట్నము పుచ్చుకొని, రాత్రులయందు పటము వ్రేలాడగట్టి, కర్రతో బొమ్మబొమ్మను జూపుచు, భావనాఋషి యగ్నిగుండమున నుద్భవించుటయు, శ్రీమన్నారాయణుని నాభికమలమునుండి తామరతూటి నూలు దెచ్చి దేవతలకు వస్త్రములు నేయుటయు, సూర్యునికూతురగు భద్రావతిని పరిణయమాడుటయు, కాలవాసురుని వధించుటయు గానము చేయుదురు. నూటయొక్క గోత్రముల పేళ్లును మన పిల్లలు మొదట వినుచుండినది వారి నోటనే.

ఆ పటమును మాత్రము మీరు తేరిపార జూచితిరా? చేర్యాల మొదలగుచోట్ల నకాషీ చిత్రకారులు వ్రాయునది యది. దానికి నాధారము నేతవస్త్రమే. ఆ వస్త్రమునకు గంజియు, సుద్దమట్టియు, చింతగింజల యంబలియు, బంకయు గలిపి పూతపూసి, యెఱ్ఱని నేలపై బొమ్మలు దీర్తురు. మూడడుగుల వెడల్పును, నలువది యేబది యడుగుల నిడివియు గల పటములు గలవు. అనగా, మనవంటి నేతగాని వస్త్రముపై నకాషీవాడు వ్రాయగా, కూనపులివాడు పాడగా, మూడుజాతుల చేతులు గలసి మన చరిత్రను నిలిపినవి. పటము జీర్ణించినపుడు దానిని నదిలో నిమజ్జనము చేయుట యాచారము. పూర్వము క్రొత్తపటము వ్రాయించిన పిదపనే ప్రాతపటమును గంగపాలు చేసెడివారు. నేడో, క్రొత్తపటము వ్రాయించు స్తోమత కథకునికి లేదు; వ్రాయింపవలెనను తలంపు మనకు లేదు.

ఇక నవీన చరిత్రసంఘముల మాట. మన తెలుగునాట చరిత్రజ్ఞానము సభలమూలముననే వ్యాపించినది. 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904 లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపింపబడినవి. 1906 లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగు మహనీయులు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. ఆ మండలి ప్రకటించిన గ్రంథములలోనిదే చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’. దాని ప్రథమభాగము 1910 లో వెలువడినది. 1922 లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి యేర్పడినది. భావరాజు వేంకట కృష్ణారావుగారు దానికి ప్రాణమై యుండిరి. 1923 లో లక్ష్మణరావుగారు పరమపదింపగా, వారి పేర హైదరాబాదున లక్ష్మణరాయ పరిశోధక మండలి వెలసినది. ఆదిరాజు వీరభద్రరావుగారి వంటివారు ఆ మండలి పక్షమున పొలములలో బడియున్న శిలాశాసనములకు ప్రతులెత్తిరి. ఆ కృషిఫలమే 1935 లో వెలువడిన ‘తెలంగాణా శాసనములు’.

ఆ మండలులకు గొప్ప ధనమేమియు లేదు. వారికున్నవి నాలుగు పుస్తకముల బీరువాలు, కొందఱు వకీళ్లు, కొందఱు బడిపంతుళ్లు, ఒకరిద్దఱు జమీందారుల యాదరము. అయినను వారి సభలయం దొక నియమముండెను. ఉపన్యాసకుడు రాజును గూర్చి మాటాడినచో, ఏ శాసనమున నున్నదో చెప్పవలెను. తేది చెప్పినచో, శకవర్షమును జూపవలెను. వినువారు ప్రశ్నింపవచ్చును. ఉపన్యాసము ముద్రితమగును, తప్పున్నచో మరునాడు మరియొకడు దిద్దును. సభ ముగిసినను విద్య ముగియదు. మన సభలయం దట్లు కాదు. అతిథి వచ్చును, పొగడును, పూలదండ స్వీకరించును, వెడలును. మరుసటి సంవత్సరము మరియొకరు వచ్చి యదేమాట పలుకుదురు. ఇన్నేండ్లలో మన మెఱిగిన క్రొత్తసంగతి యేది?

అట్లని పురాణమును విడువుమని మేము చెప్పుటలేదు. కులపురాణము మన భక్తికి నాధారము. చరిత్ర మన బుద్ధికి నాధారము. మగ్గముపై పడుగును పేకయు వేరువేరుగా నుండియే వస్త్రమగును గాని, రెంటిని నొకటిగా ముడిపెట్టినచో చిక్కుపడును. మార్కండేయపూజ చేయునపుడు పురాణము వినుదము. చరిత్రసభలో మాత్రము సాక్ష్యము నడుగుదము.

సాక్ష్యము లేక కాదు. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లిరేవున సముద్రవర్తకుల కభయశాసన మొసగెను. ఆ శతాబ్ది చివర నా తీరమును వర్ణించిన మార్కోపోలో, అచ్చటి వస్త్రముల సన్నదనమును సాలెగూటితో బోల్చినాడు. పదునేడవ శతాబ్దిలో డచ్చివారును నాంగ్లేయులును మచిలీపట్టణమున వర్తకశాలలు పెట్టినది మన తీరపు నేతకొఱకే. రాజుల పేళ్లు, కంపెనీల పేళ్లు గ్రంథములలో నున్నవి. ఆ వస్త్రమును నేసినవాని పే రెచ్చట నున్నది? 1949 లో సురవరము ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ప్రకటించి, చరిత్రమనగా రాజుల యుద్ధములు మాత్రమే కాదనియు, జనుల తిండియు, బట్టయు, ఆటపాటలును చరిత్రమే యనియు నిరూపించిరి. ఆ మార్గమున నడువవలసినవార మందఱికంటె ముందు మనమే.

మన మూరకుండినచో ఇతరులు వ్రాయుదురు. మెకంజీదొర కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల సాయమున గ్రామగ్రామమున కైఫీయతులు వ్రాయించెను. 1909 లో థర్‌స్టన్ దొర దక్షిణదేశపు కులములనుగూర్చి యేడు సంపుటములు ప్రకటించెను. అవి యుపయుక్తములే. కాని మన నడుమ నిలిచి మనలను గూర్చి యన్యులతో మాట్లాడిన గ్రంథము లవి. మనలో మనము చెప్పుకొనవలసిన చరిత్ర ఇంకను మిగిలియున్నది.

ఆ చరిత్ర యెచ్చట నున్నది? పెద్దల యటుకులపై నున్నది, నేలపెట్టెలలో నున్నది. ఒక గ్రామమున వృద్ధుడొకడు తమ యింట తరతరములుగా రాగిరేకు లుండెడివని చెప్పగా విని, మేము వానిని చూడబోతిమి. ఆయన లజ్జతో, “ఏమి వ్రాసియుండెనో మాకు తెలియదు నాయనా! కూతురి పెండ్లినాడు కంచరివానికి దూకమునకు వేసితిమి” అనెను. వానియందు దానమున్నదో, కులకట్టడి యున్నదో, ఇక నెవ్వరికిని దెలియదు. ఆయనను తప్పుపట్టజాలము. అడుగవలసిన సమయమున మనలో నెవ్వరును అడుగలేదు.

ఇప్పుడు దాతలగు పెద్దల కొకమాట. కోపింపకుడు. మీ పూర్వులలో ననేకులు నూలిచ్చి చీరలు గొనిన సాహుకార్లు. వారి చిట్టాలు, ఆవర్జాలు కొన్ని మీ యిండ్లలో నున్నవి. ఏ యేట నూలుకట్ట ధరయెంత, చీరకు మజూరీయెంత, ఏ నేతగాని బాకీ యెంతకు బెరిగినది యనునది వానియందున్నది. అవి బయటబడినచో మన పెద్దలకు మచ్చయగునేమో యని కొందఱు సందేహించుట మే మెఱుగుదుము. సత్యమే; అందు మనవారు మనవారికే పెట్టిన కష్టమును కనబడవచ్చును. కాని యా బాకీలు తాళలేకయే గదా ఎందఱో మగ్గములు విప్పి, షోలాపురమునకు, భీవండికి, సూరతునకు మిల్లులలో కూలికి బోయిరి! అచ్చట వారి మనుమలు నేటికిని తెలుగు పలుకుచు, మార్కండేయుని గుళ్లు గట్టుకొని యున్నారు. వారేల వెడలిరో చెప్పని చరిత్ర మన కేల? పొగడ్తలు మాత్రమే యున్న చరిత్ర, పేకలేని పడుగు వంటిది. చూచుటకు నిడివిగా నుండును, కట్టుటకు పనికిరాదు.

స్త్రీల మాట మరువరాదు. ఆసుపోయుట, కండెలు చుట్టుట, పడుగు సరిచేయుట—ఇంటియందీ పనులు జరిగిననే గాని మగ్గమాడదు. ఏ యాకు, ఏ చెక్క, ఏ కాయ యేరంగు నిచ్చునో, ఏ పాట పాడుచు రాట్నము త్రిప్పిరో మన యవ్వలకు దెలియును. మన సభావేదికపై నింతవఱకు ఎందఱవ్వలు మాట్లాడిరి? లెక్కించి చూచుకొనుడు.

కావున మహాసభవారికి కొన్ని ప్రార్థనలు చేయుచున్నాము. మొదటిది: ఏటేట నొక పూటను చరిత్రసభకు ప్రత్యేకింపవలెను. అతిథి యొక్కరే చాలును. విషయమును మూడునెలల ముందుగా నిర్ణయించి, సాక్ష్యముతో బలుకుమని కోరి, ప్రశ్నల కరగంట విడిచి, యుపన్యాసమును సంచికయందు ముద్రింపవలెను. అన్యకులముల నధఃకరించు మాటకు మన వేదికపై చోటుండరాదు. రెండవది: తాళపత్రములు, రాగిరేకులు, చిట్టాలు గలవారి పట్టిక వ్రాయవలెను. వస్తువును గైకొన బనిలేదు. ఛాయాచిత్ర మెత్తి సొంతదారునికే యప్పగింపవలెను. నేడు చిన్నవాని చేతనున్న ఫోనుతోనే యీ పని సాగును. మూడవది: ప్రతిశాఖయు ఏటికి పదిమంది వృద్ధులను, అందు సగము స్త్రీలను, కూర్చుండబెట్టి వారి మాటలను శబ్దగ్రహణము చేయవలెను. ఆగస్టు 7 వ తేదిని 2015 నుండి జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు గదా. ఆనాడే యీ పనికి శ్రీకారము చుట్టవచ్చును.

నాలుగవది, మాకు మిక్కిలి ప్రియమైనది: వచ్చు మహాసభకు కూనపులివారిని బిలిపించి, ఒక రాత్రియంతయు వారికే విడువవలెను. సంఘధనముతో నొక క్రొత్తపటమును నకాషీవారిచే వ్రాయించి, దానికి వలయు వస్త్రమును మన మగ్గముపైననే నేసి, యా కథకుని చేతికీయవలెను. ఈ వస్త్రమును నేయు భారమును మేము వహింతుము. పటమునకు వలయు ద్రవ్యమును దాతలు వహింతురు గాక!

సోదరులారా! ఆ వృద్ధుడడిగిన ప్రశ్నకు నాడు మేము బదులు చెప్పలేకపోతిమి. అతడింకను జీవించియున్నాడు, అతని కంఠము సన్నగిలినదని విందుము. అతని కుమారుడు పట్టణమున వేఱొక పనిలో కుదిరినాడు. పటము మరల విప్పించుటకు మనకున్న కాలము చాల స్వల్పము. యజ్ఞకుండము వెలుగువఱకును, భావనాఋషి పుట్టువఱకును, భోజనమునకు తొందరపడక కూర్చుండి విందము. అదియే మన మిచ్చు బదులు.

 శ్రీ మార్కండేయ మహర్షి కృపచే మన సంఘము వర్ధిల్లుగాక!

జై మార్కండేయ!